నూరో ఇంటి గుడ్డ

కత్తి పట్టిన చేత్తో సూది పట్టడమంటే ఏమిటో మేఘకూటం యువరాజు ఉదయవర్ధనుణ్ణి అడగాలి. అడవిలో పులి ఎదురైనప్పుడు అతని ఒంటి మీద పడ్డవి మూడే మూడు గాట్లు. ఈ పదిహేడు రోజుల్లో సూది చేసిన గాయాలు ఎన్నని అడిగితే మాత్రం వేళ్లు చూపించి ఊరుకోవలసిందే.

"గది సూది గద సాంబా, గడ్డపార గాదు! బొంత కుడ్తున్నవా, బాయి తవ్వుతున్నవా?" అంది లసుమవ్వ.

పందిరి కింద కూర్చున్న ఆడవాళ్లంతా పకపకా నవ్వారు. యువరాజు కూడా నవ్వాడు. మేఘకూటంలో ఇంతమంది ఎదుట అతన్ని ఇంత మాట అనగలిగినవాడు లేడు. సూదులపల్లెలో మాత్రం అతను సాంబడు. నెత్తిన మాసిన తలపాగా, మోకాళ్లు దాటని పంచె, పని నేర్చుకుంటానని ఎక్కడినుంచో వచ్చిన పరాయి ఊరివాడు. డెబ్భై ఏళ్ల లసుమవ్వ ఆ ఊరి బొంతల పనికి పెద్దదిక్కు. ఆమెకు పళ్లు నాలుగు, మాటలు నాలుగు వేలు.

యువరాజు ఈ వేషం ఎందుకు కట్టాడో ఒక్క గుక్కలో చెప్పుకుని ముందుకు పోదాం.

కాకోలగిరి కోటలో ధూమ్రజటి అనే మాంత్రికుడున్నాడు. పొగరంగు జడలు, మోకాళ్ల దాకా గడ్డం, ముక్కు మీద కోపం. రెండు నెలల కిందట అతను పట్టుబట్టల వర్తకుడి వేషంలో మేఘకూటం కొలువుకు వచ్చాడు. జరీపూల దుప్పట్లు పరిచి, ఇంతటి కుట్టుపని మూడు లోకాల్లో లేదన్నాడు. అందరూ ఆహా అన్నారు. యువరాజు చెల్లెలు కుముదిని మాత్రం అనలేదు. ఆమెకు సూదిపని అంటే ప్రాణం. "పనితనం ముందువైపు కాదు, వెనకవైపు చూడాలి. ఏదీ, ఒకసారి తిరగెయ్యండి" అంది. తిరగేస్తే ఏముంది? వెనకంతా చిక్కుపడ్డ గబ్బిలాల వెంట్రుకలు! కొలువు కొలువంతా గొల్లున నవ్వింది. మాంత్రికుడి ముక్కు మీది కోపం నెత్తికెక్కింది. గుప్పెడు బూడిద తీసి, మంత్రం చదివి చల్లాడు. కుముదిని నిలుచున్న చోట జానెడు తెల్లగుడ్డ పడింది. దాని మీద నీలం పరికిణీ, ఎర్ర రవిక, నల్లటి జడతో దారాల కుముదిని!

ఆ గుడ్డను మాంత్రికుడి చేతిలోంచి లాక్కుని యువరాజు గుర్రం మీద అడవి దారి పట్టాడు. అక్కడ నెల దాటి తిరిగాక ఒక ముని ఉపాయం చెప్పాడు. "నీది కాని నూరిళ్ల పాతగుడ్డలు తెచ్చి, నూరు చేతుల కుట్లు వేయించి బొంత కుట్టు. నడుమ నీ చెల్లెలి గుడ్డ పెట్టు. నూరో కుట్టు పడ్డాక, కట్టిన నోరే విప్పుతుంది. వచ్చే పున్నమి నాటి పొద్దు కుంకేలోగా ఇదంతా కావాలి. కాకపోతే ఆ పిల్ల పోగు పోగుగా రాలిపోతుంది." కట్టిన నోరేమిటి, విప్పడమేమిటి అని అడిగేలోగా ముని కళ్లు మూసుకున్నాడు. మునులతో ఇదే చిక్కు.

ఈవేళే ఆ పున్నమి.

ఉదయవర్ధనుడికి ఇంకో బాధ కూడా ఉంది. దాన్ని కూడా దాచకుండా చెప్పుకోవాలి. పోయిన ఏడు అతని పుట్టినరోజుకు కుముదిని నాలుగు నెలలు కూర్చుని నడుముకు చుట్టుకునే దట్టీ మీద నెమలిని కుట్టి ఇచ్చింది. అతను అదే రోజు దానితో గుర్రం చెమట తుడిచాడు. "గుడ్డే కదా, ఇంకోటి కుట్టుకోరాదూ" అని నవ్వాడు కూడా. ఒక్క నెమలి ఈకకు ఎన్ని కుట్లు పడతాయో ఇప్పుడు తెలిశాక, ఆ మాట గుర్తొచ్చినప్పుడల్లా సిగ్గుతో అతని చెవులు ఎర్రబడుతున్నాయి.

సూదులపల్లె అందం చూడవలసిందే కానీ చెప్పనలవి కాదు. అయినా చెప్పకపోతే నాకు తోచదు. ఊరి నడుమ తాటాకు పందిరి. దాని కింద ఒక మూల మేదరులు వెదురు చీల్చి చేటలు అల్లుతుంటారు. ఆ పక్కనే కుంపట్ల మీద లక్క కరిగించి, చిలకపచ్చ, దానిమ్మపువ్వు రంగుల గాజులు చుట్టే అక్కాచెల్లెళ్లు. ఎదురుగా తేలికైన పొణికి కర్రతో ఏనుగులూ అంబారీలూ చెక్కే తాతలు. చింతగింజల జిగురు పూసిన గుడ్డ మీద కథలు బొమ్మలుగా వేసే పటంవాళ్లు. వీళ్లందరి నడుమ, చాపలు పరిచి, వాటి మీద పాత చీరలు పొరలు పొరలుగా పరిచి, నాలుగు వైపులా కూర్చుని నాలుగు అంచుల నుంచి లోపలికి కుట్టుకుంటూ వచ్చే బొంతల ఆడవాళ్లు. ఒకరు పాట అందుకుంటే సూదులు ఆ పాట వరసలోనే నడుస్తాయి. పాట ఆగితే కుట్టు వంకరపోతుందని వాళ్ల నమ్మకం. సాంబడి కుట్టు పాట ఆగకపోయినా వంకరే పోయేది.

వచ్చిన మొదటి రోజే అతను దారం కొసకు ఇంత లావు ముడి వేశాడు. లసుమవ్వ వెదురుబద్దతో వేళ్ల మీద ఒక్కటిచ్చుకుంది.

"బొంతకు ముడేస్తరార? రాత్రి పండుకున్న పసిపోరగానికి ఒత్తుకుంటది. కొస ఇడిసిపెట్టి రెండు కుట్లు ఎన్కకెయ్. గంతే. ఈ సుట్టుపక్కల ఏడూర్లల్ల పాలుతాగే పిల్లను లేపి అడుగు, ముడెయ్యొద్దని చెప్తది."

మూడో రోజు అతనొక మెరిసే గుడ్డను మెరుపు పైకి పెట్టి కుట్టబోయాడు. మళ్లీ వెదురుబద్ద. "ఎరుకలేని ఇంటి గుడ్డను తిరగేసి కుట్టాలె బిడ్డా. పై రంగు మోసం జేస్తది. లోపలి నేత మోసం జెయ్యది."

ఇంకో కట్టుబాటు ఆ ఊరిది. గుడ్డ ఇచ్చిన చెయ్యి ఒక కుట్టు వెయ్యాలి. వెయ్యకపోతే ఇచ్చినట్టు కాదు. అందుకని సాంబడి బొంతకు ఊరు ఊరంతా కదిలివచ్చింది. ఒకావిడ పెళ్లిచీర చెంగు తెచ్చింది. ఒకావిడ మొదటి బిడ్డను చుట్టిన పొత్తిగుడ్డ తెచ్చి, వాసన చూసుకుని, కళ్లు తుడుచుకుని ఇచ్చింది. కమ్మరి ఈరయ్య పెళ్లాం మొగుడికి తెలియకుండా అతని కొత్త పంచె కోసి తెచ్చింది. పంచె వెతుక్కుంటూ వచ్చిన ఈరయ్య దాన్ని బొంతలో చూసి లబోదిబోమన్నాడు. "పంచె నీది గాబట్టి కుట్టు గూడ నువ్వే ఎయ్యాలె" అని లసుమవ్వ అతని చేతికి సూది ఇచ్చింది. సుత్తి పట్టే ఆ చెయ్యి నానా తంటాలు పడి ఒక కుట్టు వేసింది. బొంతలోకల్లా లావైన కుట్టు అదే. పందిరి కింద నవ్వులు ఆగడానికి చాలాసేపు పట్టింది.

అలా తొంభై తొమ్మిది ఇళ్లయ్యాయి. ఊళ్లో ఉన్నవి తొంభై తొమ్మిదే. ఆ సంగతి ఈ ఉదయం లెక్క చూసుకున్నప్పుడే తెలిసింది.

పక్క ఊరికి ఒక రోజంతా నడక. ఉదయం నుంచి యువరాజు గుట్ట చుట్టూ పరుగులు పెట్టాడు. ఒక్క కొత్త గడప కనిపించలేదు. నడిపొద్దు దాటింది. బొంత నడుమ కుముదిని బొమ్మ చూస్తే ఎర్రదారం కొంచెం వెలిసినట్టే ఉంది. అతను లసుమవ్వ దగ్గరికి పరుగెత్తాడు.

"అవ్వా, ఇంకొక్క ఇల్లు. ఒక్క గుడ్డపీలిక. నా చెల్లెలి ప్రాణం అవ్వా!" అన్నాడు. ఆ బొమ్మ తన చెల్లెలని అతను ఎవరితోనూ చెప్పలేదు. ఇప్పుడు నోరు జారింది.

లసుమవ్వ ఆశ్చర్యపోలేదు. "నాకెరుకే. ఏ మొగోడు బొమ్మకు దండం బెట్టి కుట్టుకు కూసుంటడు? ఏడ్వకు బిడ్డా. పొద్దు ఇంక మస్తుగున్నది" అంది.

సరిగ్గా అప్పుడే, పిలిచినట్టుగా, పందిరి ముందు ఒక ముసలమ్మ వచ్చి నిలబడింది. నడుము వంగిపోయింది. చేతిలో కర్ర, చంకలో మూట, ముక్కు దాకా కొంగు. "గుట్ట అవతల ఒంటరి ఇంట్ల ఉంటనమ్మా. ఎవలికో గుడ్డ గావాల్నట గద" అంది.

యువరాజు ఎగిరి గంతేసినంత పని చేశాడు. ముసలమ్మ మూట విప్పి జానెడు గుడ్డ తీసింది. నెమలికంఠం రంగు! ఇటు తిప్పితే ఆకుపచ్చ, అటు తిప్పితే ఊదా, నడుమ బంగారు జిలుగు. ఆడవాళ్లు కుట్టు ఆపి చూశారు. లక్కగాజుల అక్కాచెల్లెళ్లు కుంపట్లు వదిలి వచ్చారు. ముసలమ్మ ఆ గుడ్డను మెరుపు పైకి ఉండేలా బొంత మీద ఖాళీగా ఉన్న మూల పరిచింది.

"కుట్టుకోండి మరి, నేను బోతున్న" అంది.

"గట్ల బోతె ఎట్ల వదినె? ఇచ్చిన చెయ్యి ఒక్క కుట్టెయ్యాలె" అంటూ లసుమవ్వ సూదీ దారం అందించింది.

ముసలమ్మ ఒక్క క్షణం తటపటాయించింది. తర్వాత సూది అందుకుని చటుక్కున దారం ఎక్కించింది. ఇంత ముసలి కళ్లకు అంత చూపేమిటా అని యువరాజు అనుకున్నాడు. అనుకుంటుండగానే ఆమె దారం కొసను వేలికి చుట్టి, బొటనవేలితో నలిపి, బఠాణీగింజంత ముడి వేసింది. గుడ్డ అంచున ఒక కుట్టు వేసి సర్రున లాగింది.

పాట ఆగిపోయింది. తొంభై సూదులు గాలిలో నిలిచిపోయాయి.

"ముడేసినవేంది?" అంది లసుమవ్వ మెల్లగా. "ఏ ఊరమ్మ నీది? ఈ గుట్టల సుట్టు ముడేసే ఆడిది పుట్టలే, పుట్టది."

యువరాజు చూపు ముసలమ్మ కొంగు కిందికి పోయింది. అక్కడినుంచి పొగరంగు జడ ఒకటి వేలాడుతోంది!

"ధూమ్రజటీ!" అని అరుస్తూ అతను ముందుకు దూకాడు.

ముసలమ్మ నిటారుగా లేచింది. వంగిన నడుము సాగి తాటిచెట్టంత అయింది. కొంగు ఎగిరిపోయింది, గడ్డం జారి మోకాళ్లను తాకింది. మాంత్రికుడు బొంత మీద కాలుమోపి పందిరి అదిరేలా నవ్వాడు. "మూర్ఖుడా! నూరో గుడ్డ ఇంకొకరు ఇచ్చేలోగా నా మంత్రపు గుడ్డ నా చేతి కుట్టుతోనే నీ బొంతలో కలిసింది. ఇక ఈ బొంత చెవి నాది, నా మాటే వింటుంది! ఓయీ బొంతా, లే! ఆకాశానికి ఎగురు!"

తొంభై తొమ్మిది ఇళ్ల గుడ్డలు ఒక్కసారిగా రెపరెపలాడాయి. చేటలు, గాజులు, పొణికి ఏనుగులు నాలుగు దిక్కులకూ దొర్లాయి. తాటాకు పందిరిని చీల్చుకుని బొంత పైకి లేచింది. దాని కుచ్చుల అంచును రెండు చేతులతో పట్టుకుని యువరాజు కూడా లేచాడు. కత్తి ఎక్కడో గడ్డిమేట కింద దాచిన మూటలో ఉండిపోయింది. అతని దగ్గర ఉన్నదల్లా తలపాగాకు గుచ్చుకున్న సూది, దానికి వేలాడుతున్న మూడు మూరల దారం.

"సాంబా! తిరగే..." అన్న లసుమవ్వ కేక సగమే వినిపించింది. మిగతా సగం గాలి మింగేసింది.

కింద సూదులపల్లె చూస్తుండగానే చేటంత, గాజంత, గింజంత అయిపోయింది. గుట్టలు ఉప్పుకుప్పల్లా కనిపించాయి. జొన్నచేలు, వరిమళ్లు, ఎర్రమట్టి బాటలు, చెరువులు అతుకులు అతుకులుగా పరుచుకున్నాయి. భూమిని కూడా ఎవరో అవ్వ కూర్చుని కుట్టిందా అనిపించేలా ఉంది ఆ దృశ్యం. చూసి ఆనందించడానికి యువరాజుకు తీరిక లేకపోయింది. అతని కాళ్లు రెండూ శూన్యంలో ఉన్నాయి.

"బొంతా, కుడికి ఒరుగు! ఎడమకు ఒరుగు! విదిలించు వాణ్ణి!" అని మాంత్రికుడు ముందు అంచున నిలబడి అరుస్తున్నాడు.

బొంత దులుపుడు మొదలుపెట్టింది. యువరాజు ఒక చెయ్యి జారింది. రెండో చెయ్యి పొత్తిగుడ్డ మీదినుంచి జారి, పెళ్లిచీర మీదినుంచి జారి, చివరికి ఒక లావాటి కుట్టును అందుకుని నిలిచింది. అది ఈరయ్య పంచె! కమ్మరి కొట్టిన మేకులాగా ఆ కుట్టు కదలలేదు. దాన్ని పట్టుకుని అతను మోచేతుల మీద పాకి పైకి ఎక్కాడు. ఈరయ్యకు పది పంచెలు కొనిపెట్టాలని ఆ క్షణంలోనే నిశ్చయించుకున్నాడు.

మాంత్రికుడు అతన్ని చూశాడు కానీ లెక్కచెయ్యలేదు. "ఎక్కావా? మంచిది. నీ చెల్లెలి చివరి చూపు దక్కింది. పొద్దు కుంకేదాకా కాచుకునే ఓపిక నాకు లేదు. మంత్రం మూడుసార్లు చదివానంటే తెల్లగుడ్డ మిగులుతుంది" అని వెనక్కి తిరిగి, పద్మాసనం వేసి, కళ్లు మూసుకుని మొదలుపెట్టాడు.

"దారమా, విడు! రంగూ, చెరుగు! రూపమా, పో!"

బొమ్మలో నీలం పరికిణీ మాయమైంది.

ఉదయవర్ధనుడు మాంత్రికుడి వైపు ఒక అడుగు వేసి ఆగాడు. గొంతు పిసుకుదామా అంటే, ముని మాట అడ్డొచ్చింది. కట్టిన నోరే విప్పుతుందన్నాడు. ఆ నోరు మాంత్రికుడిదే! దాన్ని మూయిస్తే చెల్లెలు ఎప్పటికీ గుడ్డే. మూయించకపోతే గుడ్డ కూడా మిగలదు. ఏం చెయ్యాలి?

"దారమా, విడు! రంగూ, చెరుగు! రూపమా, పో!"

ఎర్ర రవిక పోయింది. నల్లటి జడ, ముఖం, ఒక చెయ్యి మాత్రం మిగిలాయి. దారపు కళ్లు అతని వంకే చూస్తున్నట్టున్నాయి.

అవ్వ సగంలో ఆగిన కేక ఏమిటి? తిరగే... తిరగే... "తిరగెయ్!"

అతను మూల ఉన్న నెమలికంఠం గుడ్డ మీద పడ్డాడు. దాన్ని పీకి పారేద్దామని చెయ్యి వేసి ఆగిపోయాడు. పీకితే నూరో కుట్టు పోతుంది. నూరో కుట్టు పోతే మునిమాట దక్కదు, బొంత ఆకాశంలో నిలవదు. అదృష్టం చూడండి, మాంత్రికుడు వేసింది ఒక్కటే కుట్టు, ఒక్క అంచునే. మూడు అంచులు విడిగానే ఉన్నాయి. యువరాజు ఆ కుట్టును అలాగే ఉంచి, గుడ్డను అవతలికి మడిచి తిప్పి, మెరుపు లోపలికి పోయి వెనకవైపు పైకి వచ్చేలా పరిచాడు. వెనకవైపు ఏముందంటారా? మళ్లీ గబ్బిలాల వెంట్రుకలే! రెండు నెలలైనా ఆ మనిషికి బుద్ధి రాలేదు. అవ్వ అంతగా అసహ్యించుకునే ఆ బఠాణీ ముడే ఇప్పుడు అందరి ప్రాణాలనూ పట్టుకుని ఉంది.

తలపాగాలోంచి సూది లాగాడు. కొస విడిచి, రెండు కుట్లు వెనక్కి. గాలి చెంపలు వాయిస్తోంది. పాట లేకపోతే కుట్టు వంకరపోతుందని గుర్తొచ్చి, వచ్చిన పాట ఒక్కటీ లేక, పందిరి కింద విన్న పాటనే తప్పుల తడకగా గొణుగుతూ ఒక అంచు ముగించాడు. రెండో అంచు. ముందునుంచి "దారమా..." అని మూడోసారి వినిపించింది. మూడో అంచుకు మిగిలినవి నాలుగు కుట్లు. సూది గోటి కిందికి దిగింది. నెత్తురు చూసుకునే తీరిక లేదు. మూడు, రెండు, ఒకటి!

"...విడు! రంగూ, చెరుగు!"

చెరగాల్సిన రంగు చెరగలేదు. ఎర్రదారం మొలకెత్తి రవికై నిండింది. నల్లటి జడ గుడ్డను దాటి గాలిలోకి లేచింది. దారపు బుగ్గలు ఉబ్బి రంగు తిరిగి, ముక్కు మొలిచి, ఆ ముక్కు ముందుగా చేసిన పని ఫెళ్లున తుమ్మడం.

మాంత్రికుడు కళ్లు తెరిచి వెనక్కి చూశాడు. "రూపమా..." అని నోట్లోకి వచ్చిన మాట నోట్లోనే ఆగిపోయింది. సగం చదివిన మంత్రంతో కుముదిని నడుము దాకా మనిషై బొంతలోంచి పైకి వచ్చింది. నడుము కింద మాత్రం ఇంకా ఉత్త తెల్లగుడ్డే.

"చెల్లీ!" అని యువరాజు ఆమె రెండు చేతులూ పట్టుకున్నాడు.  ముందుగా వచ్చిన మాట ఇది: "నీ నెమలి దట్టీతో గుర్రాన్ని తుడిచాను. తప్పయింది."

"తెలుసు. గుర్రం చెప్పింది" అంది కుముదిని. కళ్ల నిండా నీళ్లు, పెదవుల నిండా నవ్వు. ఆమె చూపు బొంత మూలకు పోయింది. "ఈ వంకర కుట్లు ఎవరివని అడగక్కర్లేదులే. పదిహేడు రోజులుగా అవ్వ తిట్లన్నీ లోపలినుంచి వింటూనే ఉన్నాను. ఎంత నవ్వొచ్చినా నోరు దారమాయె!"

"పైకి! ఇంకా పైకి!" అని మాంత్రికుడు కంగారుగా అరిచాడు.

బొంత బాయిలో వేసిన బిందెలా కిందికి పడింది.  "అయ్యో, కిందికి కాదు! ఆగు!" అంటే రెట్టింపు వేగం అందుకుంది. ఒక కొంగలబారు మధ్యనుంచి దూసుకుపోతుంటే కొంగలు కూడా తిట్టుకున్నాయి. "పడిపో! నేలకు పడిపో!" అని విసిగిపోయి అరిచేసరికి బొంత బుద్ధిగా మేఘాల్లోకి లేచింది. గుడ్డతో పాటు మాంత్రికుడి మాట కూడా తిరగబడిందన్నమాట! అన్నాచెల్లెళ్లు ఒకరి భుజం ఒకరు పట్టుకుని పగలబడి నవ్వారు.

"మిగిలిన మాట కూడా అనేయండి మహానుభావా! 'రూపమా, పో' అనడానికి మొహమాటమెందుకు?" అంది కుముదిని.

మాంత్రికుడు రెండు చేతులతో నోరు మూసుకున్నాడు. పొద్దు పడమట బారెడే ఉంది. ఆ బారెడు దిగేలోగా అతని నోట ఆ రెండు మాటలూ రాకపోతే, వచ్చిన సగం కూడా రాలిపోతుంది. ఆ సంగతి ముగ్గురికీ తెలుసు. నవ్వులు ఆగాయి.

ధూమ్రజటి ఎంత కోపిష్టో అంత తెలివైనవాడు. తిరగేసిన గుడ్డ వంకా, బొంత వంకా కాసేపు చూశాడు. గడ్డం చాటున పెదవులు సాగాయి. చేతులు తీసి, ముందుకు తిరిగి, తాపీగా, తీయగా పలికాడు.

"నా బంగారు బొంతా! ఎక్కడికైనా వెళ్లు కానీ, నా కాకోలగిరికి మాత్రం వెళ్లకు. తొందరపడకు, మెల్లగా వెళ్లు."

బొంత గిర్రున ఉత్తరానికి తిరిగి వింటినుంచి వదిలిన బాణమైపోయింది. మేఘాలు రెండుగా చీలాయి. దూరాన ఆకాశం అంచున ఏడు నల్లటి బురుజులు లేచాయి. వాటి చుట్టూ వేల కాకులు సుడి తిరుగుతున్నాయి. కోట గోడల నిండా తెరలు వేలాడుతున్నాయి. ఒక్కో తెర మీద ఒక్కో దారపు మనిషి! వాళ్లలో పసిపిల్లలు కూడా ఉన్నారు.

"దిగగానే దూకి లోపలికి పారిపోతాడు. తలుపులు వేసుకుంటాడు. పొద్దు కుంకేదాకా నోరు విప్పడు" అన్నాడు యువరాజు చెల్లెలి చెవిలో.

"దూకనిస్తే కదా" అంది కుముదిని. "ఇక్కడే చిక్కుకుంటే, ముక్కు మీది కోపం ఆ రెండు మాటలూ అనిపించకపోదు. అన్నయ్యా, సూదిలో దారం ఎంతుంది?"

"మూరెడు."

ఎదురుగాలికి మాంత్రికుడి గడ్డం భుజం మీదుగా వెనక్కి ఎగిరి, బారెడు పొడుగున బొంత మీద పడి పొర్లుతోంది. అతను కోట వంకే చూస్తూ నవ్వుకుంటున్నాడు. కుముదిని ఆ గడ్డం కొసను మెల్లగా పిడికిట పట్టి, ఈరయ్య పంచె మీద, ఆ లావాటి కుట్టు పక్కనే పరిచింది. యువరాజు సూది ఎత్తాడు. అలవాటు కొద్దీ దారం కొస విడిచి, రెండు కుట్లు వెనక్కి వెయ్యబోయాడు.

కుముదిని అతని చెయ్యి పట్టుకుంది.

"ఈ ఒక్కచోట మాత్రం ముడి వెయ్యి అన్నయ్యా. బఠాణీగింజంతది. ఎంత ఒత్తుకున్నా ఫరవాలేదు."